పిల్లల చేతికి పిండి ఇవ్వండి

డిసెంబరు మొదలైందంటే మాదాపూర్ నుంచి నానక్‌రామ్‌గూడ దాకా అపార్టుమెంట్ల వాట్సాప్ గ్రూపుల్లో ఒకే రకం పోస్టర్లు తిరుగుతాయి. పిల్లలకు కుకీ డెకరేషన్ వర్క్‌షాప్, ఫలానా క్లబ్‌హౌస్‌లో, ఫలానా మాల్‌లో, తలకు ఇంత. వెళ్లి చూస్తే బిస్కెట్లు ముందే కాల్చి పళ్లాల్లో పేర్చి ఉంటాయి. ఐసింగ్ రంగురంగుల కోన్లలో నింపి ఉంటుంది. పిల్లలు కూర్చుని నక్షత్రానికి తెలుపు, క్రిస్మస్ చెట్టుకు ఆకుపచ్చ పూసి, పైన చక్కెర పూసలు చల్లి, ఫొటో దిగి, డబ్బా పట్టుకుని బయటికొస్తారు. ముప్పావు గంటలో అంతా అయిపోతుంది.

ఆ పిల్లల సంతోషం నిజమైనదే. కానీ పిండి తూచడం, వెన్న కలపడం, ఒత్తడం, అచ్చుతో కోయడం, కాలేదాకా కాచుకుని కూర్చోవడం, ఇదంతా ఎవరో చేసేసి చివరి రంగు మాత్రం పిల్లలకు ఎందుకు మిగులుస్తున్నాం? అసలు పండగంతా ఆ ముందరి పనిలోనే ఉంది. పిల్లలతో బిస్కెట్లు చేయించాలనుకుంటే పిండి దగ్గర్నుంచే చేయించాలన్నది నా గట్టి అభిప్రాయం.

నేను కొత్తగూడలో ఉంటాను. సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ ఉద్యోగం. పుట్టి పెరిగింది జగిత్యాల దగ్గర ఓ ఊళ్లో. మా పాపకు ఎనిమిదేళ్లు, బాబుకు అయిదు. డిసెంబరు చివర్లో మా బ్లాకులో పిల్లలంతా మా డైనింగ్ టేబుల్ చుట్టూ చేరతారు. డిసెంబరే ఎందుకంటే కారణం మా ఉద్యోగాల్లోనే ఉంది. అమెరికాలో క్లయింట్లు సెలవుల్లోకి వెళ్లిపోతారు. ఏడాది చివర చాలా ప్రాజెక్టుల్లో కోడ్ ఫ్రీజ్ పెడతారు, కొత్తగా ఏదీ ప్రొడక్షన్‌లోకి పంపరు. రాత్రి భోజనాల వేళ వచ్చే కాల్స్ ఆగిపోతాయి. పైగా తెలంగాణలో క్రిస్మస్ మర్నాడు, 26న కూడా సెలవే. 1998 నవంబరులో ప్రధాని వాజ్‌పేయి సైబర్ టవర్స్ ప్రారంభించిన నాటి నుంచీ ఈ ప్రాంతం గడియారం అమెరికా గడియారాన్ని చూసి తిరుగుతోంది. బతుకమ్మకు, ఉగాదికి దొరకని ఖాళీ సాయంత్రాలు మాకు ఇప్పుడు దొరుకుతాయి. దొరికినవాటిని పిల్లలకు పూర్తిగా ఇవ్వాలి.

పిండి లెక్క తేలిక. చక్కెర ఒక వంతు, వెన్న రెండు వంతులు, మైదా మూడు వంతులు, అన్నీ తూకంలో. అంటే నూరు గ్రాములు, రెండు వందలు, మూడు వందలు. చిటికెడు ఉప్పు, కాస్త యాలకుల పొడి. మా టేబుల్ దగ్గర గుడ్డు తినని పిల్లలు కూడా ఉంటారు కాబట్టి మేం గుడ్డు వేయం. పిండి మరీ పొడిగా ఉంటే ఒకటి రెండు చెంచాల పాలు చిలకరిస్తాం. బేకింగ్ పౌడర్ అసలే వద్దు, అది వేస్తే బిస్కెట్టు పొంగి అచ్చు ఆకారం చెదిరిపోతుంది. ఒక్కోసారి మైదాలో మూడో వంతు తీసేసి రాగిపిండి కలుపుతాం. రాగిలో, జొన్నలో గోధుమకున్న సాగే గుణం ఉండదు కాబట్టి మొత్తం రాగిపిండితో చేస్తే ఒత్తేటప్పుడే అంచులు పగిలిపోతాయి. ఈ సంగతి నేను చెబితే పిల్లలకు గుర్తుండదు. రెండు ముద్దలూ చేతికిచ్చి ఒత్తమంటే ఆ తర్వాత వాళ్లే వచ్చి నాకు చెబుతారు.

తూకం పిల్లలదే. చిన్న డిజిటల్ కాటా టేబుల్ మధ్యలో పెడతాను. మా బాబుకు అంకెల విలువ ఇంకా సరిగ్గా తెలియదు. ఒకటి, పక్కన రెండు సున్నాలు కనిపించగానే ‘ఆపు’ అని అరవడం వాడి ఉద్యోగం. ఆ ఉద్యోగాన్ని వాడు ఎంత శ్రద్ధగా చేస్తాడో చూడాలి. కళ్లు కాటా మీది నుంచి కదలవు. పెద్ద పిల్లలు ఇరవై బిస్కెట్లకు ఎంత, నలభైకి ఎంత అని భాగహారాలు చేస్తుంటారు. ట్యూషన్‌లో ఇవే లెక్కలకు మొహం చిట్లించే పిల్లలు ఇక్కడ ఒకరి కంటే ఒకరు ముందు జవాబు చెప్పాలని పోటీ పడతారు, ఎందుకంటే ఇక్కడ జవాబు తప్పితే బిస్కెట్టు తప్పుతుంది.

తర్వాత కలపడం. పూరీల పిండిని ఎంత మర్దిస్తే అంత మంచిదని మనకు అలవాటు. దీనికి అది పూర్తిగా వ్యతిరేకం. ముద్ద కట్టగానే చేతులు తీసేయాలి. ఎక్కువ పిసికితే గోధుమపిండిలోని గ్లూటెన్ బిగుసుకుని బిస్కెట్టు గట్టిపడుతుంది, ఓవెన్లో ముడుచుకుపోతుంది. మిగిలిన ముక్కలను మళ్లీ మళ్లీ కలిపి ఒత్తినవి చివరికి గట్టిగా ఎందుకొచ్చాయో కొరికి చూసి పిల్లలే కనిపెడతారు.

ఆ తర్వాత ముద్దను ఫ్రిజ్‌లో పెట్టి అరగంట ఆగాలి. ఈ అరగంట కోసమే నేను ఇంత వ్యాసం రాస్తున్నానన్నా ఫర్వాలేదు. పది నిమిషాల్లో ఏ వస్తువైనా తలుపు దగ్గరికొచ్చే చోట పెరుగుతున్న పిల్లలు వీళ్లు. తినే వస్తువు తయారు కావడానికి సమయం పడుతుందన్న అనుభవమే వీళ్లకు తక్కువ. హైదరాబాద్‌లో డిసెంబరు మధ్యాహ్నం కూడా 28 డిగ్రీల దాకా ఉంటుంది, వెన్న అప్పటికే మెత్తబడి ఉంటుంది, 35 డిగ్రీలకు వచ్చేసరికి పూర్తిగా కరిగిపోతుంది. చల్లబరచని పిండిని ఓవెన్లో పెడితే బిస్కెట్టు గట్టిపడక ముందే వెన్న కరిగి పరుచుకుంటుంది. మాటలతో ఒప్పించే ప్రయత్నం చేయను. చల్లబరచని పిండితో కావాలనే ఒక నక్షత్రం కోయించి, చల్లబరచిన నక్షత్రం పక్కనే ట్రేలో పెడతాను. ఓవెన్ గాజు తలుపు ముందు వరసగా బాసింపట్టు వేసుకుని కూర్చున్న పిల్లలు మొదటి నక్షత్రం మొనలు మెల్లగా గుండ్రబడి రొట్టెలా మారిపోవడం చూస్తారు. ఆ తర్వాత ‘ఇంకా ఎంతసేపు ఆంటీ’ అని అడగడం ఆగిపోతుంది. ‘ఇంకో పది నిమిషాలు ఉంచుదామా ఆంటీ’ అన్న ప్రశ్న మొదలవుతుంది.

ఆ అరగంటలో గిన్నెలు కడగడం వాళ్ల పనే. మగపిల్లలు, ఆడపిల్లలు అన్న తేడా లేదు. పిండి కలపడానికి ముందుకొచ్చి సింకు దగ్గరికి వచ్చేసరికి జారుకునే అలవాటు మగపిల్లలకు అయిదారేళ్లకే వస్తుంది, చాలా ఇళ్లలో నాన్నలను చూసి. ఆ వయసులోనే దాన్ని మాన్పించాలి.

ఒత్తేటప్పుడు ముద్దకు రెండు పక్కలా రెండు చెక్క స్కేళ్లు పెడితే అప్పడాల కర్ర వాటి మీద దొర్లుతుంది, మందం అంతటా ఒకేలా వస్తుంది. అచ్చులు దుకాణంలో నక్షత్రం, గంట, చెట్టు దొరుకుతాయి. గుండ్రం కావాలంటే స్టీలు గ్లాసు అంచు చాలు. వెన్న రాసే మొద్దు కత్తితో పిల్లలు సొంతంగా కోసేవి నాకు మరీ ఇష్టం. గాలిపటం కోస్తారు. తంగేడు పువ్వు కోస్తారు. రాయదుర్గం స్టేషన్లో ఆగి ఉన్న మెట్రో రైలు కోసిన పిల్లాడున్నాడు, దాని కిటికీలకు ఐసింగ్ పెట్టడానికి అగ్గిపుల్ల అడిగాడు. నూట డెబ్బై డిగ్రీల్లో పది పన్నెండు నిమిషాలు, అంచు లేత గోధుమరంగుకు తిరగ్గానే తీసేయాలి. ట్రే తీసేది పెద్దవాళ్లే. ఓవెన్ లేని ఇంట్లో మందపాటి మూకుడులో ఉప్పు పోసి, స్టాండు మీద పళ్లెం పెట్టి, మూత వేసి సన్నని సెగ మీద కాల్చవచ్చు. కాస్త ఎక్కువసేపు పడుతుంది, రుచిలో లోటేమీ ఉండదు.

వేడి మీద ఐసింగ్ వేస్తే కారిపోతుంది. కాబట్టి మళ్లీ ఆగడం. ఐసింగ్‌కు మిక్సీలో మెత్తగా పట్టిన చక్కెర, చెంచా కార్న్‌ఫ్లోర్, పాలు, రెండు చుక్కల నిమ్మరసం. పచ్చి తెల్లసొనతో చేసే రాయల్ ఐసింగ్ చూడ్డానికి నున్నగా ఉంటుంది కానీ పచ్చిగుడ్డులో సాల్మొనెల్లా ఉండే ప్రమాదం ఉంది. చిన్నపిల్లలున్న చోట నేను వాడను. అంచు గీతకు చిక్కగా, లోపల నింపడానికి పలచగా కలుపుకోవాలి. పెళ్లిళ్లలో గోరింటాకు కోన్ పట్టుకున్న ఆడపిల్లలకు ఇందులో ఏమీ నేర్పక్కర్లేదు. కోన్ మొన ఎక్కడ కోయాలో, ఎంత నొక్కాలో వాళ్ల వేళ్లకు ముందే తెలుసు. మిగతా పిల్లలు వాళ్ల దగ్గర నేర్చుకుంటారు.

‘ఇది మన పండగా? మన వంటా?’ అని అడిగేవాళ్లున్నారు. మా బంధువుల్లోనే ఉన్నారు. ఆ ప్రశ్నను నేను తేలిగ్గా తీసుకోను. ఎందుకంటే పిల్లలకు పండగలో పని ఇవ్వాలన్న ఆలోచన నాకు వచ్చింది మా ఊళ్లోనే.

బతుకమ్మ పండగకు తంగేడు, గునుగు కోసుకొచ్చే పని పిల్లలదే. తెల్లటి గునుగు పూలను కట్టలు కట్టి రంగునీళ్లలో ముంచి ఆరబెట్టేది కూడా మేమే. వారం రోజులు మా గోళ్లలో ఆ గులాబీ రంగు ఉండేది. పెద్ద బతుకమ్మను నానమ్మ, అమ్మ పేర్చేవాళ్లు, పక్కన పెట్టే పిల్ల బతుకమ్మ మాది. వంకరగా వచ్చినా ఎవరూ సరిచేసేవాళ్లు కాదు, అలాగే తీసుకెళ్లి ఆడుకునేవాళ్లం. సంక్రాంతికి సకినాలు. నానబెట్టిన బియ్యాన్ని వడగట్టి గిర్నీలో తడిపిండి పట్టించి, నువ్వులు, వాము కలిపి, నేల మీద పాత చీర పరిచి వాడకట్టులోని ఆడవాళ్లంతా చుట్టూ కూర్చుని వేళ్ల మధ్య పిండిని మెలి తిప్పుతూ చుట్టలు చుట్టేవాళ్లు. ఓ మూల మాకు చోటు ఇచ్చేవాళ్లు. మొదట్లో మా చుట్టలు మధ్యలోనే తెగిపోయేవి. ‘నూనెలో పడ్డాక అన్నీ ఒకటే బిడ్డా’ అనేది నానమ్మ. గవ్వలైతే దువ్వెన వెనకవైపు ఒత్తడం పూర్తిగా పిల్లల పనే. కామునిపున్నమికి మెడలో వేసే చక్కెర పేర్లు, చేతికిచ్చే ఎండుకొబ్బరి కుడుకలు మాకోసమే వచ్చేవి. పండగంటే మాకు తినే వంతు కంటే ముందు చేసే వంతు ఉండేది.

ఇప్పుడు సకినాలు స్వగృహ ఫుడ్స్ దుకాణంలో కిలోల్లెక్కన దొరుకుతాయి. బాగుంటాయి కూడా. రెండు ఉద్యోగాల ఇంట్లో వాటిని కొనుక్కోవడాన్ని నేను తప్పు పట్టను, మేమూ కొంటాం. కానీ కొనుక్కున్నప్పుడు పిల్లల వంతు పని పండగలోంచి పూర్తిగా ఎగిరిపోయింది. ఆ ఖాళీలోకి అమెరికా నుంచి తిరిగొచ్చిన కుటుంబాలతో పాటు ఈ చక్కెర బిస్కెట్లు వచ్చాయి. డాలస్ పక్కన ఫ్రిస్కోలో మేమున్నప్పుడు ఎదురింటి పెద్దావిడ క్రిస్మస్ ముందు మా వీధి పిల్లలను వంటింట్లోకి పిలిచి, పిండి ఒత్తని పిల్లలకు ఐసింగ్ కోన్ ఇచ్చేది కాదు. పిల్ల బతుకమ్మకు, ఆమె వంటింటికి నాకు తేడా కనిపించలేదు. అక్కడ చూసినదాన్ని ఇక్కడికి తెచ్చుకున్నప్పుడు ఆ నియమాన్ని కూడా తెచ్చుకోవాలి కదా. చాలామంది అచ్చులు, రంగులు, ఎరుపు ఆకుపచ్చ రిబ్బన్లు తెచ్చుకుని ఆ నియమాన్ని అక్కడే వదిలేశారు.

ఇక బిస్కెట్టు మనది కాదనే మాటకు హైదరాబాద్‌లో నిలబడే చోటు లేదు. ఈ నగరానికి సొంతంగా కాలానుగుణమైన బిస్కెట్టు ఉంది. మొహర్రం నెలలో నాంపల్లి సుభాన్ బేకరీ దగ్గర, పాతబస్తీ బేకరీల దగ్గర దమ్ కే రోట్ కోసం జనం వరస కడతారు. రవ్వ, నెయ్యి, చక్కెర, బాదం, జీడిపప్పులతో చేసే మందపాటి రోట్లు. కుటుంబ క్షేమం కోరి ఆలంల దగ్గర సమర్పిస్తారు, ఇరుగుపొరుగుకు పంచుతారు. దేశవిభజన తర్వాత సింధ్ నుంచి వచ్చిన ఖాన్‌చంద్ రామ్నానీ 1953లో మొజంజాహి మార్కెట్లో కరాచీ బేకరీ పెట్టారు. దాని ఫ్రూట్ బిస్కెట్లలోని ఎర్రటి, పచ్చటి టూటీఫ్రూటీ ముక్కలు పచ్చి బొప్పాయివే. ఈ మాట చెబితే మా పిల్లలెవరూ మొదట నమ్మలేదు. ఉస్మానియా బిస్కెట్టు సంగతి ఇక చెప్పేదేముంది, ఇరానీ చాయ్ ఉన్న ప్రతి చోటా ఉంది.

క్రిస్మస్ కూడా తెలుగు నేలకు నిన్న మొన్న మాల్స్‌తో వచ్చిన పండగ కాదు. కరువు రోజుల్లో జనానికి పని, తిండి కల్పిస్తూ చార్లెస్ వాకర్ పాస్నెట్ 1914లో మొదలుపెట్టిన మెదక్ చర్చి 1924 డిసెంబరు 25న ప్రారంభమైంది, దానికి వందేళ్లు దాటాయి. తెలుగు క్రైస్తవ కుటుంబాలు క్రిస్మస్‌కు అరిసెలు, కజ్జికాయలు, గులాబీ పువ్వులు చేసి పంచుతాయి. మా బ్లాకులోనే మెదక్ వైపు నుంచి వచ్చిన ఒక అక్క ఉంది. వాళ్ల అత్తగారి ఇనుప గులాబీ అచ్చు తెచ్చి పిల్లలకు చూపించింది. బియ్యప్పిండి, మైదా, గుడ్డు, చక్కెర, కొబ్బరిపాలు కలిపిన జారు పిండిలో అచ్చును ముంచే ముందు దాన్ని నూనెలో బాగా కాగనివ్వాలి. అచ్చు వేడెక్కకపోతే పిండి పట్టదు. మరీ లోతుగా ముంచితే పువ్వు అచ్చును వదలదు. మరిగే నూనె దగ్గరికి పిల్లలను రానివ్వలేదు, దూరంగా నిలబెట్టి చూపించింది. రేకులు విడివడి నూనెలో తేలగానే పిల్లలు చప్పట్లు కొట్టారు.

అచ్చు మాట వచ్చింది కాబట్టి ఇంకొకటి. జర్మనీలో క్రిస్మస్‌కు స్ప్రింగర్లె అనే బిస్కెట్లు చేస్తారు. చెక్కిన కొయ్య అచ్చును పిండి మీద ఒత్తితే బొమ్మ ఉబ్బెత్తుగా లేస్తుంది. మన కోస్తా జిల్లాల్లో కొయ్య అచ్చుల్లో చక్కెర పాకం పోసి పంచదార చిలకలు తీస్తారు. అక్కడా ఇక్కడా అచ్చు చెక్కిన చేతులు పిల్లల ముఖాలను తలచుకునే చెక్కి ఉంటాయి. ఆ చిలకల అచ్చులు ఇప్పుడు ఎవరింట్లోనైనా మూల పడి ఉంటే బయటికి తీయండి.

చక్కెర గురించి అడగాల్సిన ప్రశ్న అడగాలి. 2025 మేలో సీబీఎస్‌ఈ తన బడులన్నింటిలో షుగర్ బోర్డులు పెట్టమంది, ఏ తిండిలో ఎంత చక్కెర ఉందో, రోజుకు ఎంత మించకూడదో పిల్లలకు కనబడేలా. మన తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన మార్గదర్శకాలు కూడా చక్కెర తగ్గించమనే గట్టిగా చెప్పాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015 నుంచి చెబుతున్నది, రోజు మొత్తం శక్తిలో కలిపిన చక్కెరల వాటా పది శాతం దాటకూడదని, అయిదు శాతంలోపు ఉంటే ఇంకా మంచిదని. రోజుకు 1,500 కిలోక్యాలరీలు తినే పిల్లకు పది శాతమంటే 37.5 గ్రాములు, అయిదు శాతమంటే దాదాపు 19. ఇవన్నీ తెలిసి పిల్లల చేత చక్కెర బిస్కెట్లు ఎలా చేయిస్తున్నావని మా పాప స్నేహితురాలి తల్లి అడిగింది. మంచి ప్రశ్న.

జవాబు కాటా మీదే ఉంది. పైన చెప్పిన పిండితో పదిహేను గ్రాముల బిస్కెట్లు నలభై వస్తాయి. ఒక్కోదానిలో చక్కెర రెండున్నర గ్రాములు. పైన చెంచా ఐసింగ్ వేస్తే మరో అయిదు. అంటే రెండు బిస్కెట్లు తింటే పదిహేను. ఈ లెక్క మా పాపే వేసి కాగితం మీద రాసి ఫ్రిజ్ తలుపుకు అంటించింది. ఐసింగ్ పూర్తిగా పూయకుండా అంచు గీత మాత్రమే గీస్తే సగానికి సగం తగ్గుతుందని కూడా తనే కనిపెట్టింది. కొన్న ప్యాకెట్టు వెనక చిన్న అక్షరాలు చదివే అలవాటు ఆ తర్వాతే వచ్చింది. చక్కెరను తన చేత్తో తూచిన పిల్లకు గోడ మీది బోర్డు అర్థమవుతుంది. తూచని పిల్లకు అది ఇంకో చార్టు, అంతే. షుగర్ బోర్డు పెట్టిన ప్రతి బడిలో దాని పక్కన ఒక కాటా పెట్టాలని నేను కోరుతున్నాను.

రంగుల విషయంలో మాత్రం నేను కఠినంగానే ఉంటాను. పీచు మిఠాయిలో బట్టలకు వేసే రోడమిన్-బి రంగు దొరికిందని 2024 ఫిబ్రవరిలో తమిళనాడు దాన్ని అమ్మకుండా నిషేధించింది. మన దేశంలో ఆహారంలో వాడటానికి అనుమతి ఉన్న కృత్రిమ రంగులు ఎనిమిదే, వాటికీ పరిమితి ఉంది. కొన్ని రంగుల మిశ్రమాలతో పిల్లల్లో అతిచురుకుదనం పెరుగుతున్నట్టు 2007లో బ్రిటన్‌లో సౌతాంప్టన్ విశ్వవిద్యాలయం వాళ్లు చేసిన పరిశోధన చెప్పింది. ఆ తర్వాత 2010 నుంచి యూరప్‌లో అలాంటి రంగులున్న తిండి మీద హెచ్చరిక ముద్రించాల్సి వచ్చింది. వంటింట్లో రంగులకు కొదవేముంది? బీట్‌రూట్ రసం గులాబీ, పసుపు పసుపే, పాలకూర రసం ఆకుపచ్చ, కోకో గోధుమరంగు. దుకాణం ఎరుపంత మెరుపు రాదు, నిజమే. ఆ లేత రంగులకు పిల్లలు రెండు నిమిషాల్లో అలవాటు పడతారు, తటపటాయించేది పెద్దవాళ్లే. పసుపులో కాస్త సున్నం కలిపి పారాణి ఎలా ఎర్రబడుతుందో వేరే గిన్నెలో నేనే కలిపి చూపించాను, తినడానికి కాదని ముందే చెప్పి. ఆ రోజు బిస్కెట్లను కాసేపు మరిచిపోయి గిన్నె చుట్టూ మూగారు.

ఈ టేబుల్ చుట్టూ ఎవరుంటారన్నది కూడా నాకు ముఖ్యమే. ఇక్కడి ఇళ్లు నడిచేది పని చేసే అక్కల వల్ల. బడికి సెలవులొస్తే వాళ్ల పిల్లలు వాళ్లతో పాటు వస్తారు, లిఫ్టు పక్కన మెట్ల మీద కూర్చుంటారు. లోపల పిల్లలు బిస్కెట్లు చేస్తుంటే వాసన మెట్ల దాకా వస్తుంది. చేసిన తర్వాత రెండు బిస్కెట్లు కాగితంలో చుట్టి ఇస్తే మన మనసు తృప్తి పడుతుందేమో గానీ ఆ పిల్లకు పిండి దక్కదు. మా ఇంట్లో పని చేసే అక్క కూతురు నాలుగో తరగతి. టేబుల్ దగ్గర అందరితో పాటే నిలబడుతుంది, అందరితో పాటే కాటా చూస్తుంది, అందరితో పాటే గిన్నెలు కడుగుతుంది, ఒక్క గిన్నె కూడా ఎక్కువ కడగదు. అప్పడాల కర్ర పట్టడంలో మిగతావాళ్లకు గురువు ఆమే. ఇంట్లో రొట్టెలు చేసిన చేయి కదా. మొదటి రోజు నన్ను ‘మేడం’ అన్న పిల్ల ఇప్పుడు మిగతా పిల్లల్లాగే ‘ఆంటీ’ అంటుంది. ప్రతి బ్లాకులో ఇలా చేయడానికి ఖర్చేమీ లేదు.

బడుల్లో ‘ఫైర్‌లెస్ కుకింగ్’ పోటీలు పెడతారు. పిల్లలు ప్యాకెట్టు బిస్కెట్ల మీద క్రీము రాసి, జెమ్స్ అతికించి తెస్తారు. నర్సరీ పిల్లలకు అది సరిపోతుంది. ఎనిమిది, తొమ్మిదేళ్ల పిల్లలకు పెద్దవాళ్ల పక్కన నిలబడి వేడి అంటే ఏమిటో తెలుసుకునే వయసు వచ్చేసింది. బడికి ఒక ఓవెన్, ఒక టీచరు, ఒక్కో బ్యాచికి పదిమంది పిల్లలు ఉంటే చాలు. సైన్సు పీరియడ్‌కు, లెక్కల పీరియడ్‌కు కూడా అది పనికొస్తుంది.

క్లబ్‌హౌస్‌ల మాటకొస్తే, కోకాపేట నుంచి కొండాపూర్ దాకా కడుతున్న ప్రతి టవర్ బ్రోషరులో ఈతకొలను, జిమ్, మినీ థియేటర్, ఇండోర్ బ్యాడ్మింటన్ కనిపిస్తాయి. వందల కుటుంబాలు ఉండే చోట ఇరవైమంది పిల్లలు నిలబడి పిండి కలుపుకునే వంటగది మాత్రం కనిపించదు. అది ఉంటే డిసెంబరులో బిస్కెట్లు, జనవరిలో సకినాలు, వినాయక చవితికి ఉండ్రాళ్లు, రంజాన్‌కు సేమియా, అన్నీ అక్కడే అవుతాయి. సకినాలు చుట్టడం తెలిసిన నానమ్మలు, అమ్మమ్మలు ఈ టవర్లలోనే, కొడుకుల ఇళ్లలో, కూతుళ్ల ఇళ్లలో పగలంతా ఒంటరిగా ఉన్నారు. వాళ్లకు పిల్లలు కావాలి, పిల్లలకు వాళ్లు కావాలి, మధ్యలో లేనిది ఒక పెద్ద టేబుల్, ఒక పొయ్యి.

మా అసోసియేషన్‌కు నేను రాసి ఇచ్చాను. పార్టీ హాలు పక్కన వాడకుండా పడి ఉన్న స్టోర్‌రూమ్‌లో పిల్లల ఎత్తుకు సరిపడే బల్ల, రెండు ఓవెన్లు, వాటికి తగిన పదహారు ఆంపియర్ల ప్లగ్గులు, ఒక సింకు, నేల మీద పరుచుకోవడానికి చాపలు, నిప్పు ఆర్పే పరికరం అడిగాను. ఖర్చు అంచనా, వాడుకునే నియమాలు, పెద్దవాళ్లెవరైనా తప్పక ఉండాలన్న షరతు అన్నీ జత చేశాను. జనవరి జనరల్ బాడీ సమావేశంలో చర్చకు వస్తుందన్నారు. మీ టవర్‌లో కూడా సమావేశం ఉంటుంది. సంతకాలు సేకరించడానికి ఇంకా టైముంది.